మేకప్ తీసేశాక మిగిలిన నటుడు: అలెక్ గిన్నిస్

బ్రిటిష్ నటుడు అలెక్ గిన్నిస్ పేరెత్తగానే ఎవరైనా అనే మొదటి మాట ఊసరవెల్లి. ఏ వేషంలోకైనా దూరిపోతాడు, అసలు మొహం ఎలా ఉంటుందో ఎవరికీ గుర్తుండదు అంటారు. 1949లో వచ్చిన 'కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్'లో ఒకే వంశానికి చెందిన ఎనిమిది మందిగా కనిపించాక ఈ పేరు ఆయనకు స్థిరపడిపోయింది. మాట అబద్ధమేమీ కాదు. కానీ ఆయన సినిమాలను వరసబెట్టి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. మేకప్ దట్టంగా పట్టించిన పాత్రలే ఆయనకు చెడ్డపేరు తెచ్చాయి. మొహానికి పెద్దగా ఏమీ పూసుకోకుండా, గొంతు పెంచకుండా, దాదాపు ఏమీ చేయనట్టు చేసిన పాత్రలే ఇవాళ్టికీ నిలబడ్డాయి. పొగడ్త దక్కాల్సిన చోటు ఒకటైతే, దక్కిన చోటు మరొకటి.

1914 ఏప్రిల్ 2న లండన్‌లోని మైడా వేల్‌లో పుట్టాడు. తల్లి ఆగ్నెస్ కఫ్. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు రాయాల్సిన గడి ఖాళీ. అందులో పిల్లవాడి పేరు అలెక్ గిన్నిస్ డి కఫ్. కొన్నేళ్లకు తల్లి స్టివెన్ అనే సైనికాధికారిని పెళ్లి చేసుకుంది. దాంతో ఈయన అలెక్ స్టివెన్ అయ్యాడు. ఆ కాపురం నిలవలేదు. పద్నాలుగేళ్ల వయసులో, నీ అసలు పేరు గిన్నిస్ అని చెప్పారు. అప్పటికి అది మూడో పేరు. స్కూలు ఫీజులు కడుతూ, అప్పుడప్పుడూ చుట్టంలా వచ్చి చూసిపోయే ఆండ్రూ గెడ్డిస్ అనే స్కాట్లండ్ బ్యాంకరే తన తండ్రి అయి ఉంటాడని ఆయన అనుమానం. బీరు తయారుచేసే గిన్నిస్ కుటుంబంతో చుట్టరికం ఉందని కూడా జనం చెప్పుకున్నారు గానీ అది రుజువైంది లేదు.

చిన్నప్పుడు పేర్లు మారాయి కాబట్టి పెద్దయ్యాక వేషాలు మార్చాడు అని తేల్చేసిన జీవితచరిత్రకారులు ఉన్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కాని తండ్రి తెలియని పిల్లలందరూ నటులు కారు, నటులందరి ఇళ్లలోనూ ఇలాంటి కథ ఉండదు. కచ్చితంగా చెప్పగలిగింది ఒక్కటే: జనం తనను గుర్తుపట్టడం ఆయనకు కడదాకా ఇబ్బందిగానే ఉండేది.

చదువయ్యాక లండన్‌లో ఒక అడ్వర్టైజింగ్ ఏజెన్సీలో కాపీరైటర్‌గా కుదిరాడు. జీతం అంతంతమాత్రం. అప్పటికే పెద్ద స్టేజీ నటుడైన జాన్ గీల్‌గుడ్‌ను సలహా అడిగితే, మార్టిటా హంట్ అనే నటి దగ్గర పాఠాలు చెప్పించుకోమన్నాడు. ఆమె కొన్ని క్లాసులు చెప్పి, నీకు నటన రాదు, వదిలెయ్యమంది. ఈయన వదల్లేదు. ఫే కాంప్టన్ నడిపే నటనాశాలలో స్కాలర్‌షిప్ సంపాదించాడు. 1934లో గీల్‌గుడ్ తన 'హామ్లెట్'లో ఆస్రిక్ అనే చిన్న వేషం ఇచ్చాడు. తినడానికి డబ్బుల్లేక తిరుగుతున్న రోజుల్లో గీల్‌గుడ్ కొంత సొమ్ము చేతిలో పెట్టబోతే, అభిమానం అడ్డొచ్చి వద్దన్నాడు. 1938 నాటికి లండన్‌లోని ఓల్డ్ విక్ థియేటర్‌లో తనే హామ్లెట్. ఆ ఏడాదే తోటి నటి మెరూలా సాలమన్‌తో పెళ్లి. రెండేళ్లకు కొడుకు మాథ్యూ పుట్టాడు. యుద్ధంలో నౌకాదళంలో మామూలు నావికుడిగా చేరి అధికారి అయ్యాడు. 1943 జులైలో మిత్రరాజ్యాలు సిసిలీ మీద దిగినప్పుడు సైనికులను ఒడ్డుకు చేర్చే పడవ ఒకటి ఆయన చేతికింద ఉంది. యుద్ధానుభవం గురించి గొప్పగా చెప్పుకునే అలవాటు ఆయనకు లేదు.

సినిమాల్లోకి తీసుకెళ్లింది దర్శకుడు డేవిడ్ లీన్. 1939లో డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'ను గిన్నిస్ తనే నాటకంగా మలిచి, హెర్బర్ట్ పాకెట్ పాత్ర వేశాడు. అది చూసిన లీన్ మర్చిపోలేదు. 1946లో అదే నవలను సినిమా తీస్తూ అదే పాత్రకు పిలిచాడు. అందులో మిస్ హావిషామ్ ఎవరనుకున్నారు? నీకు నటన రాదన్న మార్టిటా హంటే.

రెండేళ్ల తర్వాత 'ఆలివర్ ట్విస్ట్' వచ్చింది. పిల్లలకు జేబులు కొట్టడం నేర్పే ముసలి యూదుడు ఫేగిన్ వేషం కావాలని గిన్నిస్ అడిగాడు. అప్పటికి ముప్పై నాలుగేళ్లు కూడా నిండని, మెత్తని మొహం ఉన్న కుర్రాడు ఫేగిన్ ఏమిటని లీన్ నవ్వేశాడు. కనీసం టెస్టయినా తీయమని పట్టుబట్టి, పూర్తి మేకప్‌తో వచ్చి నిలబడేసరికి లీన్ మారుమాట్లాడలేదు. మేకప్ చేసింది స్టువర్ట్ ఫ్రీబోర్న్. డికెన్స్ నవలకు జార్జ్ క్రూక్‌షాంక్ వేసిన బొమ్మలను ముందు పెట్టుకుని, ఆ పొడవాటి వంకీ ముక్కు, గడ్డం, బొంగురు గొంతు అన్నీ అచ్చంగా దింపారు.

వేషంగా చూస్తే అద్భుతమే. చిక్కల్లా ఆ బొమ్మలతోనే. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో యూదులను ఎగతాళి చేయడానికి వాడిన మొహమే అది. యూరప్‌లో లక్షలాది యూదులను చంపిన యుద్ధం ముగిసి మూడేళ్లే అయింది. 1949లో బెర్లిన్‌లో ఈ సినిమా ఆడబోతే, చావు తప్పించుకుని బతికిన యూదులు థియేటర్ దగ్గర నిరసనకు దిగారు. ప్రదర్శన ఆపేయాల్సి వచ్చింది. అమెరికాలో విడుదల 1951 దాకా వాయిదా పడింది. అదీ ఫేగిన్ సన్నివేశాల్లో కొంత కత్తిరించాకే. లీన్‌కు గానీ గిన్నిస్‌కు గానీ యూదుల మీద ద్వేషం ఉందని ఎవరూ అనలేదు. పాత బొమ్మకు న్యాయం చేయాలన్న తపనలో, ఆ బొమ్మ ఎవరి మీద గీసిందో ఆలోచించలేదు. మనిషి లోపలికి వెళ్లకుండా పైరూపాన్ని పట్టుకుంటే వచ్చే ప్రమాదం ఇది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత గిన్నిస్ మళ్లీ అదే గోతిలో పడ్డాడు.

ఇక 'కైండ్ హార్ట్స్'లో ఎనిమిది పాత్రల సంగతి. ఈలింగ్ స్టూడియోవాళ్లు మొదట నాలుగు పాత్రలు ఇస్తామన్నారు. స్క్రిప్టు చదివి పడీపడీ నవ్వుకున్న గిన్నిస్, నాలుగే ఎందుకు, ఎనిమిదీ నేనే వేస్తానన్నాడు. డాస్కోయిన్ అనే గొప్పింటివాళ్లు పేదవాడిని పెళ్లాడిందని తమ ఆడపిల్లను వెలేస్తారు. ఆమె కొడుకు, డెనిస్ ప్రైస్ వేసిన లూయీ, తనకూ ఆ ఇంటి ఆస్తికీ మధ్య ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ మర్యాదగా చంపుకుంటూ వస్తాడు. జనరల్‌ను బాంబు పెట్టిన కేవియర్ డబ్బాతో లేపేస్తాడు. లేడీ అగాథా ఎక్కిన బెలూన్‌ను బాణంతో కొట్టి దింపుతాడు. ముసలి ఫాదర్‌కు మద్యంలో విషం కలుపుతాడు. అడ్మిరల్‌కు ఎవరి సాయమూ అక్కర్లేదు, తన మూర్ఖత్వంతో తన ఓడనే ముంచుకుని సెల్యూట్ కొడుతూ నీళ్లలోకి దిగిపోతాడు.

ఇందులో ఒక షాట్ గురించి కెమెరా పని తెలిసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చర్చిలో డాస్కోయిన్ కుటుంబం కూర్చుని ఉంటుంది. ఫ్రేమ్‌లో ఆరుగురూ గిన్నిసే. కంప్యూటర్లు లేని కాలం. ల్యాబ్‌లో ముక్కలు అతికిస్తే ఆ రోజుల్లో క్వాలిటీ దెబ్బతినేది. అందుకని కెమెరామన్ డగ్లస్ స్లోకోంబ్ అంతా కెమెరాలోనే కానిచ్చాడు. కెమెరాను కదలకుండా బిగించేశాడు. లెన్స్ ముందు మాస్కులు పెట్టి, ఒకరు కూర్చునే చోటు మాత్రమే తెరిచి తీశాడు. గిన్నిస్ వెళ్లి మేకప్ మార్చుకుని వచ్చేలోపు ఫిల్మ్‌ను అంగుళం తేడా రాకుండా వెనక్కి తిప్పి, రెండో చోటు తెరిచాడు. ఇలా ఆరుసార్లు. మధ్యలో ఎవరి చెయ్యి తగిలినా, ఎవరు గట్టిగా నడిచి నేల అదిరినా మొత్తం పోతుంది. రాత్రిపూట ఎవరైనా కదిలిస్తారన్న టెన్షన్‌తో స్లోకోంబ్ స్టూడియోలోనే కెమెరా పక్కన పడుకున్నాడు.

మాస్క్ షాట్లూ, ద్విపాత్రాభినయాలూ తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. 1966లో వచ్చిన 'నవరాత్రి'లో అక్కినేని నాగేశ్వరరావు తొమ్మిది పాత్రలు వేశారు. మన దగ్గర ఇలాంటి సినిమాకు వెళ్లేదే హీరో ఎన్ని రకాలుగా కనిపిస్తాడో చూడ్డానికి. ప్రతి వేషం వెనకా మన అభిమాన నటుడు కనిపిస్తూనే ఉండాలి, లేకపోతే ఈల వేయడం ఎలా? గిన్నిస్ లెక్క వేరు. అక్కడ హీరో లూయీ. గిన్నిస్ వేసినవాళ్లంతా చావడానికే తెరమీదికి వస్తారు. అడ్మిరల్‌కు గడ్డం ఉంది, అగాథాకు టోపీ ఉంది, కానీ మనకు గుర్తుండేది అవి కాదు. ఒక్కొక్కరిలో ఒక్కో రకం అహంకారం ఉంటుంది. ముసలి ఫాదర్ తన మాటలు తనకే ఇంపుగా ఉన్నట్టు సాగదీస్తాడు. డ్యూక్ ఎదుటి మనిషిని ఎప్పుడూ పూర్తిగా చూడడు. ఒకే రక్తం, ఒకే పొగరు ఎనిమిది ఒళ్లలో ఎలా పాకిందో చూపించాడు. ఎనిమిది మందిని వేరుగా చూపించడం కంటే, వాళ్లంతా ఒకే ఇంటివాళ్లని నమ్మించడం కష్టం.

ఈలింగ్‌లో తర్వాత వచ్చిన కామెడీలు ఈ మాటను ఇంకా గట్టిగా రుజువు చేస్తాయి. 1951లో 'ది లావెండర్ హిల్ మాబ్'లో ఆయన బ్యాంకు గుమాస్తా హాలండ్. ఇరవై ఏళ్లుగా బంగారు కడ్డీల వెంట కాపలాగా వ్యానులో వెళ్తూ, నమ్మకస్తుడని పేరు తెచ్చుకున్న మనిషి. ఆ పేరునే పెట్టుబడిగా పెట్టి బంగారం కొట్టేసి, కరిగించి ఐఫిల్ టవర్ బొమ్మలుగా పోతపోసి ఫ్రాన్స్‌కు దాటిస్తాడు. ఇందులో విగ్గుల్లేవు, ముక్కుల్లేవు. దొంగతనం గురించి ఆలోచించినప్పుడు గుమాస్తా కళ్లలో ఒక చిన్న వెలుగు వస్తుంది, వెంటనే సర్దుకుంటుంది. అంతే. దానికే మొదటి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 1955 నాటి 'ది లేడీకిల్లర్స్'లో మాత్రం పెద్ద పెట్టుడు పళ్లు పెట్టుకుని దొంగల ముఠా నాయకుడిగా రెచ్చిపోయాడు. అది పక్కా వేషమే, బ్రహ్మాండంగా పేలింది కూడా. అయితే అక్కడ పాత్రే ఒక నాటకం ఆడుతోంది, సంగీత విద్వాంసుడినని ముసలామెను మోసం చేస్తోంది. వేషం లోపలి వేషానికి ఆ పళ్లు అతికిపోయాయి.

పాత్ర కోసం ఆయన ముందు వెతికింది నడక. నడక దొరికితే మనిషి దొరికినట్టే అన్నది ఆయన పద్ధతి. ఈ పద్ధతి ఎంతదాకా తీసుకెళ్లిందో 1957లో 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' చూస్తే తెలుస్తుంది. జపాన్ సైన్యానికి బందీ అయి, తన సైనికులతో శత్రువు రైలు మార్గానికే పట్టుదలగా వంతెన కట్టించే బ్రిటిష్ కల్నల్ నికల్సన్ పాత్ర అది. గిన్నిస్‌కు మొదట ఇష్టం లేదు. ఈ మనిషిలో హాస్యం అనేదే లేదు, ప్రేక్షకులకు విసుగు పుడుతుంది అన్నాడు. కొంచెం నవ్వు కలుపుదామంటే లీన్ ససేమిరా అన్నాడు. శ్రీలంకలో కిటుల్‌గల దగ్గర, ఉక్కపోతలో, ఇద్దరూ కీచులాడుకుంటూనే షూటింగ్ ముగించారు.

అధికారులు కూలిపని చేయరు అని పట్టుబట్టినందుకు నికల్సన్‌ను ఎండలో ఒక ఇనుప డబ్బాలో రోజుల తరబడి పెడతారు. బయటికి తీసినప్పుడు ఆయన కమాండెంట్ గదిదాకా నడిచి వెళ్లాలి. సైనికులంతా చూస్తుంటారు. కాళ్లు వశంలో లేవు, అయినా వీపు నిటారుగా పెట్టాలని ఒళ్లు పెనుగులాడుతుంది. ఈ నడక గిన్నిస్ ఇంట్లోంచి వచ్చింది. కొడుకు మాథ్యూకు పదకొండేళ్ల వయసులో పోలియో వచ్చి నడుము కిందిభాగం చచ్చుబడింది. తర్వాత కోలుకున్నాడు. మళ్లీ నడక నేర్చుకుంటున్నప్పుడు ఆ పిల్లవాడి కాళ్లు ఎలా పడేవో తండ్రి చూశాడు. అదే నికల్సన్‌కు ఇచ్చాడు. తను చేసిన వాటిలో మంచి పని అదేనని తర్వాత చెప్పుకున్నాడు.

ఇంకో సన్నివేశం వంతెన పూర్తయిన సాయంత్రం. నికల్సన్ వంతెన పిట్టగోడ మీద చేతులు ఆనించి కమాండెంట్ సైటోతో మాట్లాడతాడు. మర్నాటికి సైన్యంలో చేరి ఇరవై ఎనిమిదేళ్లు, అందులో ఇంటిపట్టున ఉన్నది ఎన్ని నెలలో అని లెక్క వేసుకుంటాడు. బతుకు మొత్తానికి మిగిలిందేమిటి అన్న ప్రశ్న అది. ఏ నటుడైనా ఇలాంటి చోట క్లోజప్ అడుగుతాడు. లీన్ మాత్రం చాలాభాగం వెనకనుంచి తీశాడు. గిన్నిస్‌కు ఒళ్లు మండిపోయింది. తెరమీద చూస్తే లీన్ చేసిందే సరైందనిపిస్తుంది. మొహం కనపడదు కాబట్టి వీపు, మెడ, గొంతు మాట్లాడతాయి. మాటల చివర చేతికర్ర జారి నదిలో పడిపోతుంది. చిన్నగా విసుక్కుంటాడు. ఇరవై ఎనిమిదేళ్ల దిగులంతా ఆ విసుగులో పోయి కూర్చుంటుంది. ఆ పాత్రకు ఆస్కార్ వచ్చింది, సినిమాకు మొత్తం ఏడు.

ఆ సినిమా గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేం. నిజమైన బర్మా రైలు మార్గం మీద చనిపోయినవాళ్లలో తెల్ల సైనికుల కంటే ఆసియా కూలీలే చాలా ఎక్కువ. మలయా రబ్బరు తోటల నుంచి తరలించినవాళ్లలో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. సినిమాలో వాళ్లకు చోటే లేదు. నికల్సన్ పట్టుదలకు చప్పట్లు కొట్టేటప్పుడు ఇది గుర్తుంటే, చివర్లో ఆయన 'నేనేం చేశాను' అని తనను తాను అడుగుకునే క్షణం ఇంకా బరువుగా తగులుతుంది.

మాథ్యూ జబ్బు ఆయన్ను చర్చివైపు కూడా నడిపించింది. కొడుకు కోలుకుంటే క్యాథలిక్‌గా మారతానంటే అడ్డుపెట్టనని మొక్కుకున్నాడు. అంతకంటే చిన్న సంఘటన ఒకటి మరింత పనిచేసినట్టుంది. 1954లో 'ఫాదర్ బ్రౌన్' షూటింగ్‌కు ఫ్రాన్స్‌లో ఒక పల్లెకు వెళ్లినప్పుడు, సాయంత్రం పాదిరీ అంగీతోనే బసకు నడిచి వెళ్తుంటే, ఎవరో చిన్నపిల్లవాడు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ కొంతదూరం వచ్చాడు. వేషాన్ని చూసే అంత నమ్మకం కలిగించే సంస్థ తను అనుకున్నంత చెడ్డది కాకపోవచ్చు అని రాసుకున్నాడు. 1956లో మతం మారాడు. హాలీవుడ్ కుర్ర హీరో జేమ్స్ డీన్ కథ కూడా ఈ కాలానిదే. 1955 సెప్టెంబర్ 23న హాలీవుడ్‌లో ఒక రెస్టారెంట్ బయట డీన్ తన కొత్త పోర్షె కారు చూపిస్తే, ఈ కారెక్కితే వచ్చేవారం ఈపాటికి ఉండవని గిన్నిస్ హెచ్చరించాడట. సరిగ్గా వారానికి డీన్ ఆ కారులోనే చనిపోయాడు. గిన్నిస్ గురించి ఏ వీడియో చూసినా ఇది తప్పకుండా ఉంటుంది. ఆయన నటన గురించి మాత్రం ఇది ఏమీ చెప్పదు.

1959లో సర్ బిరుదు వచ్చింది. మరుసటి ఏడు 'ట్యూన్స్ ఆఫ్ గ్లోరీ'లో ఎర్రజుట్టు, తాగుడు, పెద్దగొంతు ఉన్న స్కాట్లండ్ సైనికాధికారిగా తన స్వభావానికి పూర్తి విరుద్ధంగా చేసి చూపించాడు. చేయగలిగాడు. కాని అందులో ఎదుట నిలిచిన జాన్ మిల్స్ నిశ్శబ్దంగా లోపల్లోపలే విరిగిపోయే అధికారిగా వెనిస్‌లో ఉత్తమ నటుడి అవార్డు ఎగరేసుకుపోయాడు. గిన్నిస్ బలం ఎక్కడుందో చూపించడానికి మిల్స్ పాత్ర ఒక్కటి చాలు. ఆ తర్వాత 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో ఫైసల్, 'డాక్టర్ జివాగో'లో యెవ్‌గ్రాఫ్. డెబ్బైల మొదట్లో కెరీర్ కొంత చప్పబడింది.

అప్పుడు వచ్చింది 'స్టార్ వార్స్'. 1977 నాటి ఈ సినిమా లేకపోతే ఇవాళ యాభై ఏళ్లలోపు వాళ్లలో చాలామందికి గిన్నిస్ మొహం తెలిసేది కాదు. స్క్రిప్టులో డైలాగులు ఆయనకు నచ్చలేదు. స్నేహితులకు రాసిన ఉత్తరాల్లో విసుక్కున్నాడు. కాని కథ మాత్రం పేజీలు తిప్పించింది. ఒప్పందంలో దర్శకుడు జార్జ్ లూకస్‌కు దక్కే రాబడిలో 2 శాతం వాటా అడిగి పెట్టించుకున్నాడు. సినిమా బాగా వచ్చిందన్న సంతోషంలో దానికి మరో పావు శాతం కలిపారు. ఆ రెండుంపావు శాతమే మిగిలిన జన్మంతా ఆయన్ను నచ్చని పని చేయాల్సిన అవసరం లేకుండా బతికించింది.

సినిమాను తిట్టుకున్నా పనిలో ఏమీ తక్కువ చేయలేదు. ఆయన వేసిన ముసలి ఓబీ-వాన్ గుడిసెలో కుర్రాడు ల్యూక్ తన తండ్రి ఎలా చనిపోయాడని అడుగుతాడు. గిన్నిస్ వెంటనే జవాబు చెప్పడు. చూపు పక్కకు పోతుంది, ఒక్క క్షణం తూకం వేసుకుని, తర్వాత చెబుతాడు. ఆ తండ్రే విలన్ డార్త్ వేడర్ అన్న మలుపు 1980లో వచ్చిన రెండో సినిమా కోసం తర్వాత అల్లింది. కానీ మొత్తం తెలిసి వెనక్కి వెళ్లి చూస్తే ఆ ఆగడం ముందే రాసిపెట్టినట్టు ఉంటుంది. ఇంకా పుట్టని కథకు కూడా సరిపోయేంత చోటు ఆ మౌనంలో ఉంది. షూటింగ్ మధ్యలో ఓబీ-వాన్‌ను చంపేయాలని లూకస్ నిర్ణయించినప్పుడు మొదట కోపం వచ్చినా తర్వాత ఒప్పుకున్నాడు. ఈ పాత్రకూ ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కాని అభిమానుల ఉత్సాహం ఆయనకు భరించలేనిదైంది. సినిమాను వంద సార్లకు పైగా చూశానని ఒక పిల్లవాడు ఆటోగ్రాఫ్ అడిగితే, ఇంకెప్పుడూ చూడనని మాటిస్తే ఇస్తానన్నాడట. పిల్లవాడు ఏడ్చేశాడు. ఈ సంగతి గిన్నిసే రాసుకున్నాడు. వినడానికి కటువుగానే ఉంది. వంద సార్లు చూసినవాడి మంచి కోసమే అన్నానని ఆయన సమర్థన, అయినా పిల్లవాడి పక్షం వహించకుండా ఉండడం కష్టం.

గిన్నిస్ శిఖరం సినిమాల్లో కాదు, బీబీసీ టీవీలో ఉంది. 1979లో జాన్ లె కారే నవల 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై'ను ఏడు భాగాల సీరియల్‌గా తీశారు. గూఢచారి జార్జ్ స్మైలీ పాత్రకు తాను పనికిరానేమోనని గిన్నిస్ వెనకాడాడు. నవలలో స్మైలీ పొట్టి, లావు. చివరికి ఒప్పుకుని, నిజమైన గూఢచారిని ఒకరిని చూపించమని లె కారేను అడిగాడు. బ్రిటిష్ గూఢచార సంస్థ ఎంఐ6కు అధిపతిగా పనిచేసి రిటైరైన మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌తో భోజనం ఏర్పాటైంది. ఆ పూట జరిగింది లె కారే తర్వాత రాశాడు. గిన్నిస్ ఓల్డ్‌ఫీల్డ్ పెట్టుకున్న కఫ్‌లింకులు చూశాడు. గొడుగు పట్టుకునే తీరు చూశాడు. మాట్లాడుతూ గ్లాసు అంచు చుట్టూ వేలు తిప్పడం చూసి, విషం ఏమైనా మిగిలిందేమోనని వెతుకుతున్నాడా అని తర్వాత లె కారేను అడిగాడు. ఓల్డ్‌ఫీల్డ్ సెలవు తీసుకుని వెళ్తుంటే వీధిలో ఆయన నడక ఎలా ఉంటుందో చూడ్డానికి బయటికి వచ్చాడు.

ఇంత వెతికి తెరమీద పెట్టింది ఎంత? ఒక కోటు, ఒక జత కళ్లద్దాలు. స్మైలీ ఎక్కువగా వింటాడు. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నప్పుడు ఆయన మొహంలో ఏమీ మారదు, చెప్పేవాడికే ఆ నిశ్చలత్వం భరించలేనిదై ఇంకో మాట జారుతుంది. ఢిల్లీ జైల్లో రష్యన్ గూఢచారి కార్లాను ఒప్పించడానికి ప్రయత్నించే సన్నివేశం ఉంది. కార్లాగా ప్యాట్రిక్ స్టూవర్ట్ ఒక్క మాట కూడా మాట్లాడడు. స్మైలీ ఒక్కడే మాట్లాడుతూ, అడగకూడని చోట తన భార్య ప్రస్తావన తెచ్చి, తన బలహీనతను తనే శత్రువు చేతిలో పెట్టేస్తాడు. పెట్టేశానని తెలిసిన మరుక్షణం ఆయన గొంతు ఒక్క పిసరు తగ్గుతుంది. 1982లో 'స్మైలీస్ పీపుల్' వచ్చింది. రెంటికీ బాఫ్టా అవార్డు దక్కింది. స్మైలీని గిన్నిస్ తన దగ్గరనుంచి తీసేసుకున్నాడనీ, రాయబోతే ఆయన గొంతే వినిపిస్తోందనీ లె కారే చెప్పేవాడు.

ఇంత సాధించాక 1984లో 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' ఏమిటి? లీన్ ఆఖరి సినిమా, గిన్నిస్‌తో ఆరోది. ఎక్కువభాగం బెంగళూరులో, గుహల సన్నివేశాలకు సావనదుర్గ, రామనగర కొండల్లో తీశారు. 'షోలే' తీసిన చోటే ఆ రామనగర. గిన్నిస్ వేసింది ప్రొఫెసర్ గాడ్బోలే, హిందూ బ్రాహ్మణుడి పాత్ర. ఒంటికి గోధుమరంగు పూసి, తలపాగా చుట్టి, యాస పట్టించారు. ప్రధాన పాత్ర అజీజ్‌గా విక్టర్ బెనర్జీ, లాయర్‌గా రోషన్ సేథ్, ఇంకా సయీద్ జాఫ్రీ ఆ సినిమాలోనే ఉన్నారు. భారతీయ నటులు దొరకలేదన్న సాకు చెల్లదు. ఫేగిన్‌ను బొమ్మల్లోంచి దింపినట్టే గాడ్బోలేను కూడా ఇంగ్లిషువాళ్ల ఊహలోని హిందువు నుంచి దింపారు. అదే ఫ్రేమ్‌లో బెనర్జీ ఉన్నప్పుడు తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గిన్నిస్‌కే అనుమానాలు ఉన్నాయి. కష్టపడి నేర్చుకున్న నృత్యాన్ని లీన్ ఎడిటింగ్‌లో తీసేయడం ఆయనకు బాధ కలిగించింది. ఉన్నా పాత్ర నిలబడేది కాదు. ఆయన పద్ధతి మొత్తం తను కళ్లారా చూసిన మనిషి నడక మీద ఆధారపడింది. కొడుకును చూశాడు, ఓల్డ్‌ఫీల్డ్‌ను చూశాడు. గాడ్బోలే విషయంలో రంగూ యాసా తప్ప చేతికి అందిందేమీ లేనట్టుంది.

తర్వాత 'లిటిల్ డోరిట్'లో అప్పుల జైల్లో మగ్గే ముసలి డోరిట్‌గా మళ్లీ తన దారికి వచ్చాడు, ఇంకో ఆస్కార్ నామినేషన్ అందుకున్నాడు. 1985లో రాసిన ఆత్మకథలోనూ ఆ తర్వాతి డైరీల్లోనూ తన గురించి కంటే తను చూసిన మనుషుల గురించే ఎక్కువ రాశాడు. 2000 ఆగస్టు 5న చనిపోయాడు. రెండు నెలలు దాటగానే మెరూలా కూడా వెళ్లిపోయింది.

ఆయన్ను కొత్తగా చూడాలనుకునేవాళ్లు 'స్టార్ వార్స్' నుంచి నేరుగా ఎనిమిది వేషాల సినిమాకు దూకకుండా, ముందు 'లావెండర్ హిల్ మాబ్' చూస్తే మంచిది, గంటంపావుకు కాస్త ఎక్కువ నిడివి. తర్వాత 'క్వాయ్'. 'టింకర్ టైలర్' చివరికి ఉంచుకోవాలి. దాని మొదటి భాగంలో స్మైలీ ఆలస్యంగా వస్తాడు, వచ్చాక కూడా పెద్దగా ఏమీ జరగదు. ఫోన్ పక్కన పెట్టి చూడాల్సిన సీరియల్ అది. రెండో భాగానికల్లా, ఆయన కళ్లద్దాలు తీశాడంటే ఎవరికో మూడిందని మీకే తెలిసిపోతుంది.